రెండు వారాల తేడా

స్కానింగ్ కాగితం మీద పది వారాలని ఉంది. అత్తగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. పదే.

గోడ క్యాలెండర్ దగ్గరికెళ్లి వేలితో లెక్కపెట్టింది. కొడుకు ఓడ దిగి ఇంటికొచ్చి ఎనిమిది వారాలు. మూడు వారాలుండి మళ్లీ ఓడెక్కాడు. దానికి ముందు ఏడు నెలలు నీళ్ల మీదే ఉన్నాడు. కింది నుంచి పైకి లెక్కపెట్టినా ఎనిమిదే వచ్చింది.

ఆ ఇంట్లో మగాళ్లు రెండు తరాలుగా ఓడల మీదే పనిచేస్తున్నారు. ఎవరు ఎప్పుడు ఎక్కిందీ, ఎప్పుడు దిగిందీ ఆడవాళ్లు క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో చుట్టి పెడతారు. ఆ లెక్క ఇంతవరకూ తప్పలేదు.

"డాక్టరు సరిగ్గానే చూసిందా?" కోడల్ని అడిగింది.

"సరిగ్గానే చూశారత్తయ్యా. బిడ్డ బాగుందన్నారు," అంది కోడలు, బట్టలు మడతపెడుతూ.

తలెత్తకుండా చెప్పింది. తప్పు చేసిన మనిషే తలెత్తదని అత్తగారి గట్టి నమ్మకం.

ఆ తర్వాత నాలుగు రోజులూ ఆవిడకి ముద్ద దిగలేదు. కోడలు ఫోన్లో నవ్వితే అవతల ఎవరా అని చెవులు రిక్కించింది. కుళాయి బాగుచేయడానికొచ్చిన మనిషిని ఎగాదిగా చూసింది. పాపం, ఆయనకి అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు కూడాను.

ఆదివారం కొడుకు ఫోన్ చేస్తాడు. చెప్తే వాడి కాపురం ఆ పూటతో సరి. చెప్పకపోతే ఎవరి బిడ్డనో మనవడని ఎత్తుకుని తిరగాలి. శనివారం ఇక ఆగలేక మేడమీది నర్సు దగ్గరికెళ్లింది.

"మా ఇంటి రక్తమేనా కాదా, నాకు తేలాలమ్మా," అని కాగితం ముందు పెట్టింది.

నర్సు చదివి నవ్వాపుకుంది. "పిన్నిగారూ, డాక్టర్లు ఆఖరుసారి నెలసరి వచ్చిన రోజు నుంచి లెక్కేస్తారు. కడుపు పడేది ఆ తర్వాత రెండు వారాలకి. కాగితం మీద ఎంతుంటే అందులోంచి రెండు తీసెయ్యాలి. పదిలో రెండు పోతే?"

"ఎనిమిది."

"మీవాడు దిగి ఎన్నాళ్లయింది?"

"ఎనిమిది వారాలే," అంది అత్తగారు.

"మరి బంగారంలాంటి పిల్లని పట్టుకుని ఇన్ని అనుమానాలా?"

"నా బుద్ధి గడ్డి తింది." నిజంగానే సిగ్గుపడింది. లేవబోతూ ఆగింది. "ఈ లెక్క ఇప్పుడొచ్చిందా? మా కాలంలోనూ ఇంతేనా?"

"ఎప్పుడైనా ఇంతే పిన్నిగారూ."

కాగితం మడిచి కొంగున దోపుకుని బయల్దేరిన మనిషి, సగం మెట్లు దిగి అక్కడే కూలబడింది.

ఈ కొడుకే కడుపులో ఉన్నప్పుడు డాక్టరు తొమ్మిది వారాలంటే, మొగుడు ఓడెక్కి కూడా సరిగ్గా తొమ్మిదే అయిందని లెక్క చూసుకుని, ముప్పై ఏళ్లుగా గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతున్న ఆవిడ, ఇప్పుడు అందులోంచి రెండు తీసేసింది.