పత్తి పీచు

సోమవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, కరీంనగర్‌లోని ఒక తుపాకుల దుకాణంలో రామేశ్వర్‌రావు పాత పాయింట్ టూటూ రైఫిల్ ఒకటి కొన్నాడు.

కొత్తదాని ధరలో సగానికి వచ్చింది.

కొన్నది కూతురు మధులిక కోసం. నెల రోజుల్లో రాష్ట్ర షూటింగ్ జట్టుకు ఎంపిక పోటీ ఉంది. ఐదుగురినే తీసుకుంటారు. జూనియర్లలో ఆమెకు అదే ఆఖరి అవకాశం. అప్పటిదాకా ఆమె క్లబ్బు రైఫిల్‌తో కాల్చింది. దాన్ని నలుగురు వాడుకునేవారు.

దుకాణదారు బాలమల్లు, జనం అమ్మిపెట్టమని ఇచ్చిపోయిన రెండు రైఫిళ్లు బల్ల మీద పెట్టాడు. రెండూ ఒకే ధర. ఒకదాని చెక్కకు వార్నిష్ వేసి ఉంది. రెండోదాని చెక్క పగిలితే తీగ చుట్టారు.

"గా తీగ చుట్టింది పక్కకు తియ్యి ముందు," అన్నాడు రామేశ్వర్‌రావు. "క్లబ్బుల మా ఇజ్జత్ పోతది."

గోడ పక్కన స్టూలు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గుడ్డ సంచి. కాళ్లకు రబ్బరు చెప్పులు, ఒకదానికి పిన్నీసు.

"పోటీకా బిడ్డా?" అని మధులికను అడిగాడు.

"అవును తాతా."

"పోటీకైతే మెరిసేది వద్దు. గా తీగ చుట్టింది తీసుకో."

రామేశ్వర్‌రావు తిరిగి చూశాడు. పిన్నీసు దాకా చూశాడు.

"నువ్వెవడివయా?"

ముసలాయన కంటే ముందు బాలమల్లు అందుకున్నాడు. "పనిలేనోడు రావుసాబ్. కూసుంటడు, పోతడు. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

ముసలాయన లేచాడు. బల్ల మీద తుపాకులు తుడిచే పత్తి ఉంది. చిటికెడు తీసి వార్నిష్ రైఫిల్ గొట్టం మూతి చుట్టూ తిప్పాడు. పీచు అంచుకు చిక్కుకుంది. ఇంకో చిటికెడు తీసి రెండోదాని మూతి చుట్టూ తిప్పాడు. చిక్కుకోలేదు.

"సూసినవా బిడ్డా? మూతి అంచు లేసింది. బయటికొచ్చే తూటాను ఒక దిక్కు గుంజుతది. చేనుకాడ కోతులను బెదిరియ్య పనికొస్తది గని, గురికి పనికిరాదు."

రామేశ్వర్‌రావు వెనుక వైపు నుంచి గొట్టంలోకి చూశాడు. "లోపల అద్దమోలె ఉన్నది. కంట్లె పువ్వు లేసిందా నీకు?"

"లోపల మంచిగనే ఉంటది సార్. ఇరవై ఏండ్లు ఇనుప చువ్వతోని ముందటి దిక్కు నుంచి తోమిండ్రు. అరిగింది మూతే."

"ఎవలు తోమిండ్రు? నువ్వా?"

బాలమల్లు గట్టిగా నవ్వాడు. రామేశ్వర్‌రావూ నవ్వాడు.

ముసలాయన నోరు తెరిచాడు.

"ఏయ్, చాయ్ తాగి రాపో," అని బాలమల్లు తలుపు చూపించాడు.

"బాపు, పత్తి చిక్కింది. నేను సూసిన," అంది మధులిక. "జర ఆగుదాం. కోచ్ సార్‌కు సూపిద్దాం."

"పిన్నీసు చెప్పులోడు చెప్తె ఆగాల్నా? వీడు దలాల్, బిడ్డా. తీగది అమ్ముడుపోతె వీనికేదో ముడుతది."

బాలమల్లు కాదనలేదు.

"దలాల్‌ను కాను సార్," అన్నాడు ముసలాయన.

"మరి చాయ్ పైసలకు వచ్చినవా? ఇంద." రామేశ్వర్‌రావు పది రూపాయల నోటు బల్ల మీద పడేశాడు.

ముసలాయన తీసుకోలేదు. సంచి చంకన పెట్టుకుని గడప దాటాడు. అక్కడ ఆగాడు.

"సంతకం పెట్టే ముందు కాయితం సదువుకోండ్రి సార్."

"గిప్పుడు నాకు సదువు నేర్పుతుండు," అన్నాడు రామేశ్వర్‌రావు.

ముసలాయన పేరు ఎవరూ అడగలేదు.

కాగితాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. రామేశ్వర్‌రావు ఐదు చోట్ల సంతకం పెట్టాడు. ఏదీ చదవలేదు. మూడో కాగితం మీద బాలమల్లు అరచెయ్యి ఉంది.

మరునాడు రామేశ్వర్‌రావు క్లబ్బుకు పోయి, మీ రైఫిల్ మాకు అక్కర్లేదని చెప్పాడు. మధులిక వంతు రుచిత అనే అమ్మాయికి ఇచ్చారు.

పోలీసు అనుమతికి ఇరవై ఐదు రోజులు పట్టింది. రైఫిల్ ఇంటికి వచ్చింది పోటీకి రెండు రోజుల ముందు.

మొదటి రోజు సాధనలో తూటాలు గురి చుట్టూ చెదిరాయి.

"కొత్తది గదా, చేతికి అలవాటైతది," అన్నాడు రామేశ్వర్‌రావు.

ఆదివారం ఎంపిక పోటీ జరిగింది. యాభై మీటర్ల దూరం, అరవై తూటాలు. మధులికకు పంతొమ్మిదో స్థానం వచ్చింది. రెండో స్థానం వచ్చిన అమ్మాయిది ఆదిలాబాద్. ఆమె రైఫిల్ చెక్కకు తీగ చుట్టి ఉంది.

సోమవారం పొద్దున రామేశ్వర్‌రావు ఇంట్లో అరిచాడు.

"అమ్మినోన్ని ఇడ్వ. లంగగాడు! అరిగిన తుపాకి అంటగట్టిండు. కేసు పెడ్త. వాని పేరేంది? కాయితాలు తియ్యి."

మధులిక బీరువాలోంచి ఫైలు తీసింది. మూడో కాగితం దగ్గర ఆగింది.

"సదువు!"

"మీరే సదువుండ్రి బాపు."

ఆయుధం స్థితి అన్నచోట పెన్నుతో రాసి ఉంది: 'మూతి అరిగింది. ఇరవై ఏళ్లు నేనే ఇనుప చువ్వతో ముందు నుంచి తోమాను. చేను కావలికే అమ్ముతున్నాను. పోటీకి పనికిరాదు.'

చదివి ఒప్పుకున్నాను అన్నచోట రామేశ్వర్‌రావు సంతకం ఉంది.

అమ్మినవారి పేరు అన్నచోట యెషయా, మామిడి తోట, మంచిర్యాల అని ఉంది. పక్కన అతికించిన ఫొటోలో ఉన్నది స్టూలు మీద కూర్చున్న ముసలాయన.