అరువు దగ్గు

"నాకు దగ్గే లేదంటే వినవేమే వినుతా! మా ఎనుముకు ఉండాది. కావాలంటే దానిది పట్టుకొని పో."

చిక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గడపలోనే నిలబడింది. ఎదురుగా ఆశా కార్యకర్త వినుత, చేతిలో ఫోను. అందులోకి మూడుసార్లు దగ్గితే చాలు, ఛాతీలో టీబీ జాడ ఉందో లేదో ఫోనే పసిగడుతుందట. ఉంటే ఎర్రగుర్తు, లేకుంటే పచ్చగుర్తు.

"లేకున్నా ఊరికే దగ్గొచ్చులేమ్మా. ఇంటికి ఒకరన్నా దగ్గల్ల."

"ఎర్రగుర్తు పడిందనుకో. తెల్లారి డెయిరీలో నా పాలు పోయించుకుంటారా? పక్కింటి సుజాతమ్మకు పడితే, ఆమె హోటల్లో ఇడ్లీ ముట్టేవాడు ఉంటాడా? మా బతుకులు మన్నయిపోతాయి తల్లీ."

వినుత నిట్టూర్చింది. "నా ముందర సిగ్గయితే లోపల తలుపేసుకొని దగ్గు. నేను ఈ అరుగు మీదనే కూర్చుంటా."

చిక్కమ్మకు కావలసిందీ అదే. ఫోను తీసుకొని గదిలోకి పోయి గడియ పెట్టింది. లోపల రాగుల మూటల మధ్య కూర్చొని గంగాధరప్ప ముద్ద తింటున్నాడు. పెరటి దారిన వచ్చాడు. నాటకాల్లో ఆడవేషాలు కట్టి, ఏ గొంతునైనా తన గొంతులోకి తెచ్చుకోగలిగినవాడు. ఇప్పుడు నాటకాలూ లేవు, ఇల్లూ లేదు. పిలిచిన ఇంట్లో తిని భజన మందిరంలో పడుకుంటాడు.

"అచ్చం నా మాదిరే ఉండల్ల" అని గుసగుసలాడి, చిక్కమ్మ ఫోను అతని నోటి ముందు పెట్టింది.

గంగాధరప్ప కళ్లు మూసుకున్నాడు. పొద్దు వాలిందంటే అతనికి ఒళ్లు కొద్దిగా వెచ్చబడుతుంది. కళ్ల వెనక పసుపు వెలుతురేదో పరుచుకుంటుంది. పెట్రోమాక్స్ లైట్ల ముందు నిలబడినట్టే ఉంటుంది. ఆ వెలుతురులో అతను మెల్లగా చిక్కమ్మ అయ్యాడు. కోడి కూయకముందే లేచి, చేతులకు పాలవాసనతో, నడుం మీద చెయ్యేసుకొని నిలబడిన చిక్కమ్మ. మొదటి దగ్గు పొట్టిగా వచ్చింది. రెండోది విసుగ్గా. మూడోది, తన్నబోయే ఎనుమును అదిలించినట్టు.

బయట వినుత నవ్వు వినిపించింది. "ఇంత బాగా దగ్గుతా, లేదంటివే!"

చిక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వాపుకుంది.

ఆ సాయంత్రం వీధి వీధంతా అట్లే జరిగింది. వినుత ముందు వాకిళ్లు ఎక్కుతుంటే గంగాధరప్ప పెరళ్లలోంచి దూరాడు. సుజాతమ్మ ఇంట్లో పొగపొయ్యి ముందు సుజాతమ్మ అయ్యాడు. తిమ్మరాయప్ప ఇంట్లో, నీళ్లు పడని బోరు ముందు నిలబడ్డ తిమ్మరాయప్ప అయ్యాడు. తెలుగా, కన్నడమా, ఉర్దూనా అని ఫోను ముందుగా అడిగేది. ఎవరు ఏది నొక్కినా లోపల ఉన్నది గంగాధరప్పే. కాళ్లు నేలకు ఆనడం లేదు. టమాటా తోటల మీదుగా వచ్చే గాలి, తెర లేచే ముందు మొహానికి తగిలే గాలిలా ఉంది. ఎన్నాళ్లయింది ఇన్ని వేషాలు కట్టి!

చివరికి వినుత భజన మందిరం దగ్గర ఆగింది. అప్పటికే అతను మెట్ల మీద దుప్పటి కప్పుకొని ఉన్నాడు.

"నీది ఎట్ల పట్టల్లప్పా? ఇంటి నంబరు కొట్టకుంటే ఇది ముందుకు పోదు."

"నాకు యాడ ఉండాది తల్లీ ఇల్లు? నన్ను వదిలేయ్."

నాలుగు రోజులకు గుర్తులు వచ్చాయి. గంగాధరప్ప దగ్గిన ప్రతి ఇంటికీ ఎర్రగుర్తే. చిక్కమ్మ మందిరం ముందుకు వచ్చి ఇంతెత్తున లేచింది.

"దగ్గమంటే సచ్చేవాని మాదిరి దగ్గితివే! ఛాతీ ఫోటోలు తీసే వ్యాను వస్తాండాదంట. ఇంక నా ఎనుము పాలు ఎవురికి అమ్ముకునేది?"

గంగాధరప్ప తల వంచుకున్నాడు. నిజమే, వేషం దొరికిన సంబరంలో కాస్త ఎక్కువ చేసినట్టున్నాడు. ఆ మూడో దగ్గుకు అంత రక్తి అక్కరలేదు. ఆ రోజు ఏ గడప ముందూ ముద్ద అడగడానికి అతనికి నోరు రాలేదు.

మరునాడు బాగేపల్లి నుంచి వ్యాను వచ్చింది. వీధివాళ్లను ఒక్కొక్కరినే నిలబెట్టి ఫోటోలు తీశారు. అయ్యేసరికి పొద్దు వాలింది. గంగాధరప్ప మెట్ల మీంచి చూస్తున్నాడు. ఒళ్లు వెచ్చబడింది. పసుపు వెలుతురు మొదలైంది. వ్యానూ, వీధీ, ఆడవాళ్ల చీరలూ అందులో మెల్లగా తేలుతున్నాయి.

"అందరికీ బాగుంది" అంటున్నాడు డాక్టరు. "ఒక్కరికీ ఏమీ లేదు."

చిక్కమ్మ గలగలా నవ్వింది. "నీ ఫోనుకు పిచ్చి పట్టిందే వినుతా! అయినా ఆ దగ్గులు మావయితే కదా మాకు..."

నవ్వు నడిమధ్యన తెగిపోయింది. వినుత ఆమె మొహంలోకే చూస్తోంది. తర్వాత ఒకరి వెనక ఒకరు, అందరూ మందిరం వైపు తిరిగారు.

వాళ్లంతా కలిసి తన దగ్గరికే వస్తున్నారు. తిట్టడానికి వచ్చేవాళ్లు ఇంత నిదానంగా రారు. మళ్లీ వేషం కట్టమనడానికే అయ్యుంటుందని గంగాధరప్ప దుప్పటి సర్దుకొని నిటారుగా కూర్చున్నాడు. వినుత పక్కన కూర్చొని, ఫోను అతని నోటి ముందు పట్టుకుంది.

"ఈ తూరి ఎవురి మాదిరి దగ్గల్ల?" అన్నాడు ఉత్సాహంగా.

"నీ మాదిరే దగ్గప్పా" అంది చిక్కమ్మ. "ఇంటి నంబరు నాది కొట్టించినా."