పెట్టెలో పెట్టిన కబురు

బ్రౌజర్‌లో ఇంకో కంప్యూటర్ కనిపిస్తోంది. పచ్చటి కొండ, నీలం ఆకాశం, కింద మూలన స్టార్ట్ బటన్.

మసాకా పట్నంలోని ఒక రేడియో స్టేషన్‌లో చావు కబుర్లు చదివే నంటోంగో రోజూ ఈ తెర ముందే కూర్చుంటుంది. కబుర్లను పెద్ద అక్షరాల్లో వరసగా నడిపించే ప్రోగ్రాం పాత విండోస్‌లో తప్ప నడవదు.

మే నెలలో పాత కంప్యూటర్ మూలపడింది. టెక్నీషియన్ వాస్వా దాని డిస్కును ఉన్నదున్నట్టు కాపీ తీశాడు. కొత్త లినక్స్ సర్వర్‌లో కంటైనర్ అనే విడి పెట్టె ఒకటి చేసి, పాత విండోస్‌ను అందులో లేపాడు.

"పూడ్చేద్దామంటే నువ్వొప్పుకోలేదు. అందుకే పెట్టెలో పెట్టానక్కా."

"పెట్టెలో పెట్టాక పూడ్చడమేగా మిగిలేది?"

"ఇది వేరే పెట్టెలే. దీన్ని తీసేసి కొత్తది తెరిచామనుకో, నేను కాపీ తీసిన రోజు ఎలా ఉందో అలాగే లేస్తుంది. నువ్వు రాసిందల్లా 'బయట' అన్న ఫోల్డర్‌లో వెయ్యి. లోపల వదిలితే పెట్టెతో పోతుంది."

"సరే నాయనా, సరే."

రాయగానే సేవ్ నొక్కడం ఆమె వేళ్లకు అలవాటు. అది లోపలే దాచేది. పెట్టెను ఎవరూ తీసెయ్యలేదు కనుక రెండు నెలలు ఏదీ పోలేదు.

గురువారం ఉదయం కబుర్లు ఇచ్చేవాళ్లు కిటికీ దగ్గర వరస కట్టారు. అందరూ చీటీలు తెచ్చారు. ఒక ముసలాయన తేలేదు.

"రాయడం రాదమ్మా. నోటితో చెబుతా."

"చెప్పు తాతా."

"నా ఇంటిది పోయింది. ఇవ్వాళ నాలుగింటికి మట్టి. కొడుకు దీవుల్లో చేపలు పడతాడు. అక్కడ ఫోన్ పలకదు. ఒంటిగంటకు మీ రేడియో మాత్రం వింటాడు. వింటే మధ్యాహ్నం పడవ అందుకుంటాడు."

ఆమె పేర్లు అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె టైపు చేసి, సేవ్ నొక్కి, తర్వాతి మనిషిని పిలిచింది.

మధ్యాహ్నం వాస్వా ఫోన్ చేశాడు.

"నత్తలా నడుస్తోందని తిట్టావుగా? పాత పెట్టె తీసేసి కొత్తది లేపాను. ఎట్లా పరిగెడుతోందో చూడు."

"చల్లగా ఉండు."

ఒంటిగంటకు మైక్ తెరిచి, తెర మీద నడుస్తున్న మొదటి కబురు చదివింది. రెండోది మొదలుపెట్టింది.

ఆ పేరు గల మనిషి అంత్యక్రియలకు ఆమె మే నెలలో వెళ్లింది. అక్కడే భోంచేసింది.

మైక్ ఆపి, పాట వేసి, వాస్వాకు ఫోన్ చేసింది.

"ఇవ్వాళ్టివి ఏవిరా?"

"బయట ఫోల్డర్‌లో చూడు."

"అందులో ఏమీ లేదు."



"చీటీలుంటాయిగా అక్కా?"

చీటీలున్నవాళ్లవి చదివింది. ముసలాయన టోపీ గుర్తుంది. నాలుగింటికి మట్టి అన్నది గుర్తుంది. ఆయన పేరు, ఊరు, కొడుకు పేరు గుర్తు రాలేదు.

దీవుల్లో ఉన్న ఓ కొడుకా, మీ అమ్మ పోయింది అని చదవవచ్చు. దీవుల్లో వేలమంది కొడుకులున్నారు.

మైక్ కట్టేసింది.

మధ్యాహ్నం పడవ వెళ్లిపోయిన తర్వాత స్టేషన్ ఫోన్ మోగింది. అవతల ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తోంది.

"నేనమ్మా, పొద్దున వచ్చిన సెబోవాను. పక్కింటివాళ్ల ఫోనిది. మా రేడియోలో బ్యాటరీలు అయిపోయాయి, మేం వినలేదు. మా అబ్బాయి కతెండె పేరు చదివావా?"

కతెండె. ఆ పేరు ఆమె చేత్తో టైపు చేసింది.

"తాతా..." అంది. ఏడుపొచ్చింది.

"ఊరుకో తల్లీ. రోజూ ఇవే చదవాలంటే నీకు మాత్రం కష్టం కాదూ?"

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సెబోవా ఫోన్ పక్కకు తిప్పి ఎవరితోనో గట్టిగా అన్నాడు.

"చదివారట. వాడు పడవెక్కే ఉంటాడు. వచ్చేదాకా దించకండి."