లోపలివైపు

“మళ్ళీ పీకేశారు సర్!”

హదాసా చేతిరుమాలు విప్పి డీన్ గోర్డన్ బల్ల మీద పెట్టింది. అందులో వంకరపోయిన వెండి గొట్టం, వేలెడు పొడవుంటుంది. మెజుజా. దైవవాక్యాలు రాసిన తోలుచుట్టను అందులో పెట్టి యూదులు గుమ్మానికి కొట్టుకుంటారు. వస్తూ పోతూ దాన్ని తాకి వేళ్ళు ముద్దు పెట్టుకుంటారు. ఇది హదాసా ముత్తవ్వ నాటిది.

“ఈసారి ఎక్కడ దొరికింది?” అన్నాడు డీన్.

“బాత్రూం చెత్తబుట్టలో.” ఫోన్ తీసి ఫొటో చూపించింది. హాస్టల్లో తన గది ద్వారబంధం మీద ఏటవాలుగా పాలిపోయిన మచ్చ. పైనొక మేకు కన్నం, కిందొక మేకు కన్నం.

డీన్ ఆ ఫొటో వైపు ఎక్కువసేపు చూడలేకపోయాడు. “లోపలి రాత తడవలేదు కదా?” అన్నాడు.

“తడవలేదు. అయినా అదా సర్ ఇప్పుడు ముఖ్యం? నేను వరండాలో నడుస్తుంటే నోటితో ‘స్స్’మని గ్యాస్ వదిలిన చప్పుడు చేస్తున్నారు. మా ముత్తవ్వ చెల్లెళ్ళు నాజీల గ్యాస్ గదుల్లో పోయారని తెలిసే చేస్తున్నారు. మొన్న భోజనాల హాల్లో నా పక్కన కూర్చున్న పిల్లతో, ‘పర్సు జాగ్రత్తే, పక్కనున్నదెవరో చూసుకో’ అన్నారు. ఆ పిల్ల కూడా నవ్వింది సర్.”

“ఎవరో తెలుసా?”

“పేర్లు అక్టోబర్లోనే ఇచ్చానుగా! వరండాలో కెమెరా కూడా ఉందిగా!”

“కమిటీ వేశాం. మార్చిలో కూర్చుంటుంది.”

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు. ఈ యూనివర్సిటీలో మొరగడానికి కూడా కమిటీ కావాలి. డీన్ వెనక గోడ మీద మాత్రం ‘ఇక్కడ అందరికీ చోటుంది’ అని రంగురంగుల అక్షరాలు నవ్వుతున్నాయి.

“అప్పటిదాకా నిన్ను వేరే హాస్టల్‌కి మారుస్తాను,” అన్నాడు డీన్.

“నన్నా? పీకింది వాళ్ళయితే మారేది నేనా? భలే న్యాయం సర్!”

అంత గట్టిగా అన్న పిల్ల అంతలోనే బేలగా అయిపోయింది. ఎంత ఆశపడి వచ్చిందో ఈ చదువుకి!

“మా అమ్మ పెట్టె సర్దుకుని వచ్చెయ్యమంటోంది. మీరు నా వైపు నిలబడి వాళ్ళని పిలిచి ఒక్క మాట అడగండి. నేను ఉండిపోతాను. అంతే సర్, ఇంకేం వద్దు.”

డీన్ గొట్టాన్ని తీసుకుని వంకరను బొటనవేలితో మెల్లగా సరిచేశాడు. మళ్ళీ రుమాల్లో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

“గదిలో లోపలివైపు కొట్టుకో తల్లీ,” అన్నాడు చివరికి. “బయటికి కనబడకపోతే ఎవరూ పీకరు. నీ మంచికే చెప్తున్నాను.”

“మీ కూతురైతే ఇలాగే చెప్తారా?”

“ఇలాగే చెప్తాను.”

హదాసా లేచి నిలబడింది.

“తనదాకా వస్తే గానీ నొప్పి తెలీదు లెండి. మీకేం తెలుస్తుంది! నేను రేపు మా ఊరికి వెళ్ళిపోతున్నాను.”

డీన్ తల దించుకున్నాడు. ఉండమని అనలేదు.

ఏడుస్తూ డీన్ గది గుమ్మం దాటబోతుంటే, పుట్టినప్పటి అలవాటు కొద్దీ ఆమె చెయ్యి దానంతటదే ద్వారబంధం మీదికి వెళ్ళింది. వేలికి ఏదో గరుకుగా తగిలింది. కళ్ళు తుడుచుకుని చూసింది.

భుజమెత్తున, ఏటవాలుగా, వేలెడు పొడవున పాలిపోయిన మచ్చ. పైనొక మేకు కన్నం, కిందొక మేకు కన్నం.