దిగి చూసొచ్చే డ్రైవరు

పెద్దవంగర దాటగానే బస్సు గుంతలో పడి లేచింది. కొత్త డ్రైవరు ఉప్పలయ్య బస్సు ఆపి, దిగి, వెనక్కి నడిచాడు.

కండక్టర్ స్వరూప కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. అతను గుంత దాకా వెళ్లి, రోడ్డుకు అటూ ఇటూ చూసి, వచ్చి టైర్ల కింద వంగి చూసి, మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"ఏమైందన్నా?"

"ఏం లేదు చెల్లె. ఎవరికన్న తాకిందేమోనని."

"గుంతనే గదన్నా అది."

"గుంతనే. తెలుసు."

తెలిసినవాడు ఊరుకోవాలి కదా. మరిపెడ చేరేలోగా ఇంకో రెండుచోట్ల దిగాడు.

ఉప్పలయ్య భూపాలపల్లి నుంచి బదిలీ మీద వచ్చాడు. యాభై దాటిన మనిషి, మాట మెత్తన, బీడీ కూడా ముట్టడు. ఈ ఒక్క అలవాటుతోనే స్టేషన్ ఘన్‌పూర్ నుంచి మరిపెడ పోయే బస్సు రోజూ ఆలస్యమయ్యేది. ప్రయాణికులు తిట్టేది మాత్రం స్వరూపను.

స్వరూపకూ ఓ పిచ్చి ఉంది. సీటు తుడవనిదే కూర్చోదు. నీళ్ల సీసా ఎడమ పక్కనే ఉండాలి, ఎవరైనా జరిపితే ఊరుకోదు. "నాకు ఓసీడీ ఉంది" అని నవ్వుతూ అందరికీ చెప్పుకునేది. ఫోన్లో రీల్స్ చూసి నేర్చుకున్న మాట అది. కొత్త కమ్మలు పెట్టుకున్నంత ముచ్చట ఆమెకు ఆ మాటంటే.

ఒకరోజు ఆ మాట చెవిన పడి, ఉప్పలయ్య తాగుతున్న టీ పక్కన పెట్టేశాడు.

"నీకు గూడ ఉందా చెల్లె?"

"ఎందుకు లేదన్నా. సీటు తుడవకపోతే నా పానం ఒప్పది."

"తుడిస్తే నిమ్మలమైతదా?"

"అయితది."

"నాకు చూసొచ్చినా కాదు."

ఇంకేదో చెప్పబోయాడు. స్వరూప అప్పటికే టికెట్ల మిషన్ తగిలించుకుని లేచింది.

మరిపెడకు రోజూ కూరగాయలు తెచ్చే హన్మంత్ ఈ సంగతిని ఓ పొద్దున తేల్చిపారేశాడు. ఊరికే ఎవడూ వెనక్కి చూడడట. ఈయన ఎవరినో గుద్ది చంపే ఉంటాడట. బస్సంతా అవునంది. వారం తిరిగేసరికి ఆ ఎవరో కాస్తా తల్లీబిడ్డలయ్యారు. ఎక్కడ, ఎప్పుడు అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

స్వరూపా అడగలేదు. అడగకపోగా, బస్టాండులో టీకొట్టు దగ్గర తనే నలుగురికి చెప్పింది. అతనితో కలిసి అన్నం తినడం మానేసింది.

ఆ వానాకాలంలో ఒక ఉదయం పెద్దవంగర దగ్గర రోడ్డు పక్కన ఒక గొర్రెల కాపరి శవం దొరికింది. ఏదో బండి గుద్ది వెళ్లిపోయిందన్నారు. మరిపెడ బస్టాండులో ఆ మాట విన్న ఉప్పలయ్య, బస్సు అక్కడే వదిలేసి పోలీసుల దగ్గరికి వెళ్లాడు.

"నిన్న నేనే గుద్దిన కావచ్చు సార్. ఒక్కసారి మా కండక్టర్ చెల్లెను అడుగుండ్రి."

ఆ 'కావచ్చు' ఎవరి చెవికీ ఎక్కలేదు.

స్వరూపను పిలిపించారు. నిన్న బస్సు ఎవరికీ తగల్లేదని ఆమెకు తెలుసు. గుంతలో పడింది, అంతే. కానీ మనిషే ఒప్పుకుంటుంటే మధ్యలో తానెందుకు ఇరుక్కోవాలి? పైగా పాత పాపం ఇప్పటికి పండిందనిపించింది.

"నాకు తెల్వది సార్. ఇదివరకు గూడ ఎవరినో గుద్దిండంట."

వరండాలో నిలబడ్డ కాపరి తమ్ముళ్లకు ఆ మాట చాలింది. పోలీసులు అడ్డం పడేలోపే జరగాల్సిందంతా జరిగిపోయింది. దెబ్బలు పడుతుంటే ఉప్పలయ్య చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. దవాఖానకు చేరాక ప్రాణం పోయింది.

దినాలు కాకముందే అసలువాడు దొరికాడు. ఇసుక ట్రాక్టర్ నడిపేవాడు. కాపరిని అతను గుద్దే వేళకు స్వరూప బస్సు డిపోలో ఉంది.

స్వరూప డ్యూటీకి సెలవు పెట్టింది. భూపాలపల్లి వెళ్లి ఉప్పలయ్య భార్య సారక్క ముందు కూర్చుంది. స్వరూపకిక మిగిలింది ఒక్కటే ఆశ. ఆ పాత సంగతైనా నిజమైతే చాలు.

"వదినె, అన్న ఇదివరకు గుద్దింది ఎవరిని?"

సారక్కకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. సర్వీసంతా ఆయన బస్సు కింద కోడిపిల్ల కూడా పడలేదని చెప్పింది. చెయ్యని తప్పు చేశానేమోనని మనసు పీకుతూనే ఉండే జబ్బట ఆయనది. వెళ్లి చూసొచ్చినా ఆ పీకుడు ఆగదట. వరంగల్‌లో డాక్టరు దానికి ఓసీడీ అని పేరు చెప్పి మందులిచ్చాడు. వాటితో కాస్త తగ్గుతూ వచ్చింది కూడా.

స్వరూప ముచ్చటపడి అందరికీ చెప్పుకున్న మాట అది.

సారక్క ఆమె ముఖంలోకి చూసింది.

"స్వరూప అంటే నువ్వేనా?"

తలూపింది.

"ఎప్పుడు నీ పేరే తీసేటోడమ్మా. 'మా బస్సుల చెల్లెకు గూడ నా జబ్బే ఉంది, నా మీద నాకు నమ్మకం లేకున్నా నేను ఎవరిని గుద్దలేదని ఆమె చెప్తది' అని ధైర్యంగ డ్యూటీకి పోయేటోడు."