జవాబులు కలవాలి

"ఆవిడ మంచానికి ఏ వైపు పడుకుంటుంది?"

నౌజర్ చెవులు ఎర్రబడ్డాయి. అరవై దాటిన మనిషి, రైలింజన్లు నడిపి రిటైరైనవాడు, బడిపిల్లాడిలా నేలచూపులు చూశాడు. పక్క కుర్చీలో ఫరంగీస్ తలగుడ్డ సర్దుకుంది.

"పరాయివాళ్ల ముందు ఇవేం ప్రశ్నలండీ?"

"నేను పరాయివాణ్ణా? అంకారాలో వీసా కిటికీ వెనక కూర్చునేవాడు పరాయివాడు," అన్నాడు కేవానీ. "ఆయన ఇంతకన్నా ఘోరమైనవి అడుగుతాడు. చెప్పండి. కుడా, ఎడమా?"

"గోడ వైపు," అంది ఫరంగీస్ మెల్లగా.

"మిమ్మల్ని కాదు ఖానుమ్. ఆయన నోటితో రావాలి."

కేవానీ వీసా ఏజెంటు. జంటల్ని ఇంటర్వ్యూకి తయారుచెయ్యడంలో టెహ్రాన్‌లో అతనికి పేరుంది. "పెళ్లి నిజమో కాదో కనిపెట్టడం ఆయన తరం కాదు," అంటూంటాడు. "రెండు జవాబులూ కలిశాయా లేదా, అంతే చూస్తాడు."

ఫరంగీస్‌ది నెత్తురు జబ్బు. మందు తయారయ్యేది అమెరికాలో. ఆ దేశం పెట్టిన ఆంక్షల పుణ్యమా అని ఇక్కడి మందుల షాపుల్లో అది కనపడక ఏడాది దాటింది. దొంగచాటుగా దొరికింది కాస్తా నకిలీ సరుకని తేలింది. అక్కడున్న ఆమె తమ్ముడు ఎప్పుడో పెట్టిన అర్జీ ఇన్నేళ్లకి కదిలింది. ఒంటరిగా ప్రయాణం చేసే ఓపిక ఆమెకి లేదు. అర్జీలో భర్త అన్నచోట నౌజర్ పేరుంది.

టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీ లేదు కాబట్టి, కిందటి నెల ఇద్దరూ టర్కీలోని అంకారా వెళ్లారు. అధికారి మొట్టమొదటి ప్రశ్న, మీ భార్య పేరేమిటి అని. నౌజర్ నీళ్లు నమిలాడు. చివరికి ఎవరో పరాయి అమ్మగారిని అన్నట్టు "ఈ ఖానుమ్..." అన్నాడు. అధికారి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇంకోసారి రమ్మన్నాడు. అదే ఆఖరి అవకాశం.

"ఒక్క పేరు! కాయితాల నిండా ఉన్న పేరు!" అని కేవానీ ఇప్పటికీ తల బాదుకుంటాడు. "మీకన్నా ముందొచ్చిన జంట అన్నీ ఇట్టే బట్టీ కొట్టేశారు. కిటికీ ముందు చేతులు పట్టుకుని మరీ నిలబడ్డారట. వీసా కొట్టుకొచ్చారు. మీరేమో మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంటారు!"

నౌజర్ కుర్చీ జరిపాడు. ఓ బెత్తెడు.

"సరే. ఆయనకి ఇష్టమైన వంట?"

"ఘొర్మె సబ్జీ," అంది ఫరంగీస్ తడుముకోకుండా.

"వంకాయ కూర," అన్నాడు నౌజర్ సరిగ్గా అప్పుడే.

ఫరంగీస్ గిరుక్కున తిరిగింది. "అదేమిటి? నేను చేసిన ఘొర్మె సబ్జీ అడిగి మరీ రెండోసారి వడ్డించుకున్నారు కదా!"

"మర్యాదకి."

"మర్యాదకా?"

"వండిపెట్టిన మనిషి ముందు, ఆ ఆకుకూర నాకు పడదని ఎలా చెప్పను?"

"చచ్చాం!" అన్నాడు కేవానీ. "మన మర్యాదే మన కొంప ముంచుతుంది. మన పాస్‌పోర్టు చూడగానే వాళ్లకి సగం నమ్మకం పోతుంది. ఇలా తల దించుకుంటే మిగతా సగమూ పోతుంది. కొంపదీసి విప్లవం రోజుల్లో మీరూ ఊరేగింపుల్లో అమెరికావాళ్లని తిట్టలేదు కదా?"

"తిట్టాను. గొంతు పోయేలా తిట్టాను. అప్పటికి నాకు మీసాలు కూడా సరిగ్గా రాలేదు."

"ఆ సంగతి అక్కడ ఎత్తకండి బాబూ!"

నౌజర్‌కి ఎవరి మీద చూపించాలో తెలియని కోపం వచ్చింది. మందుని ఇటు రానివ్వనిది వాళ్లే. మనిషిని అటు రానివ్వనిదీ వాళ్లే. ఇక్కడివాళ్లని అడిగితే దేశం కోసం ఓర్చుకోమంటారు. ఓర్చుకోవాల్సింది ఫరంగీస్ ఒళ్లు.

"చివరిగా ఒక్కసారి. నా కళ్లలోకి చూసి చెప్పండి. మీ భార్య పేరేమిటి?"

నౌజర్ నోరు తెరిచాడు. ఫరంగీస్ తన చెప్పుల వైపు చూస్తూ కూర్చుంది.

"ఖా..."

కేవానీ చేతులెత్తేశాడు. "గురువారం విమానం. ఇక దేవుడే దిక్కు."

ఒకే టాక్సీలో తిరిగొచ్చారు. ఫరంగీస్ ఉండేది మూడో అంతస్తు. లిఫ్టు చెడిపోయి ఉంది. ఆ స్థితిలో ఆమెని పైదాకా చేర్చక తప్పదు. మందుల సంచి పట్టుకుని నౌజర్ వెనకే ఎక్కాడు.

సగం మెట్లెక్కేసరికి ఆమె పెదాలు పాలిపోయాయి. చెయ్యి రెయిలింగు మీంచి జారింది. అక్కడే కూలబడి కళ్లు మూసుకుంది.

అన్నాళ్లూ ఎవరి ముందూ బయటికి రానిది, దానంతటదే వచ్చేసింది.

"ఫరంగీస్!"

ఆమె కళ్లు తెరిచింది. పాలిపోయిన మొహంలోకి ఎక్కడి నుంచో కాస్త రంగు వచ్చింది.

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదే."

"అన్నారు. నేను విన్నాను." తలగుడ్డ అంచుతో నోరు కప్పుకుని నవ్వింది. కళ్ల నిండా నీళ్లు.

నౌజర్ చెయ్యి అందించాడు. ఆమె పట్టుకుంది. పై అంతస్తు నుంచి పొరుగింటావిడ దిగుతూ కనపడగానే ఇద్దరూ చేతులు వదిలేశారు.

గుమ్మం దగ్గర "ముందు మీరు" అన్నాడు నౌజర్. "అయ్యో, ముందు మీరు" అంది ఫరంగీస్. ఎంతకీ తెమల్లేదు.

ఆ చప్పుడికి తలుపు తీసిన అమ్మాయి ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఏం నాన్నా, నలభయ్యేళ్ల కాపురంలో ఇవాళైనా 'గోల్నార్ వాళ్లమ్మా' అనకుండా అమ్మని పేరుపెట్టి పిలవగలిగావా?" అని అడిగింది.