వదలని మరక

"దయచేసి దాన్ని సరిచేయకండి."

లోవెల్ ఆ ఒక్క వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చదివాడు. ఎంత చదివినా బుర్రకెక్కలేదు.

మూసేసిన విండో పూర్తిగా పోకుండా తెర మూలన మరకలా మిగిలిపోతోందని ఫిర్యాదు చేసింది ఈ మాట రాసినావిడే. ఇలాంటి దిక్కుమాలిన ప్రోగ్రాము ఊరికే ఇచ్చినా దండగేనని దులిపేసిందీ ఈవిడే. ఆ మాట పడ్డ దగ్గర్నుంచి తిండి మీద ధ్యాస లేకుండా కూర్చుని లోవెల్ దాన్ని బాగుచేశాడు. తీరా చేశాక వద్దంటుందేమిటి?

"వద్దంటే మానెయ్. కొత్త వెర్షన్ ఈ సాయంత్రమే వదిలేద్దాం," అంది ఫోన్‌లో జూనియా. టామరాక్‌ని అతనితో కలిసి నడిపేది ఆమే. కంప్యూటర్ తెర మీద విండోలను పేర్చి చూపించే ఆ ప్రోగ్రాము ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా చెయ్యి పెట్టి బాగుచేయొచ్చు. పని చేసేవాళ్ళకు జీతం రాదు గానీ తిట్లు మాత్రం దండిగా వస్తాయి.

"ఫిర్యాదు చేసినవాళ్ళు 'పోయింది' అనందే వదలకూడదని రూలు పెట్టింది నువ్వే కదా?"

"పెట్టాను. బుద్ధి గడ్డి తిని."

"ఆ మరక ఆవిడ దగ్గర తప్ప ఇంకెక్కడా కనబడలేదు జూనియా. నిజంగా బాగుచేశానో లేదో నాకే తెలీదు. వదిలాక జనం తెరలన్నీ పాడైతే?"

"అయితే వెళ్ళి చూసి రా. సుపీరియర్‌లోనేగా ఉండేది! వంతెన దాటితే వచ్చే ఊరికి ఇంత గోల దేనికి?"

దారి పొడుగునా అతనికి ఒకటే అయోమయం. తిట్టినందుకు సిగ్గుపడుతోందా? లేక ఆటపట్టిస్తోందా?

తలుపు తీసినావిడ పేరు ఒటీలీ, బడిలో సంగీతం టీచరు. అతను మంచు బూట్లు గుమ్మంలో విప్పేలోపే కాఫీ పోసింది.

"కాఫీ తాగండి, కబుర్లు చెప్పండి. కంప్యూటర్ జోలికి మాత్రం వెళ్ళకండి."

"కొత్తది ఎక్కించి, ఒక్కసారి ఆపి తెరిస్తే చాలండీ. మరక మాయమైపోతుంది."

"అందుకే వద్దంటున్నాను."

"మరి మీరే కదండీ తిట్టి మరీ రాశారు?"

"రాశాను. నా నోరు అలాంటిది."

"ఇప్పుడేమో వద్దంటున్నారు. నాకేం అర్థం కావడం లేదు," అన్నాడు లోవెల్ తల గోక్కుంటూ.

ఆవిడ కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, "సరే, చూడండి. చూడ్డం వరకే," అంటూ లోపలి గదిలోకి తీసుకెళ్ళింది.

తెర మీద విండోలన్నీ ఎడమ పక్కకు సర్ది ఉన్నాయి. ఖాళీగా ఉన్న కుడి మూలన, మసగ్గా, నారింజరంగు రెయిన్‌కోటులో ఒక మనిషి. వెనకాల పడవ తాళ్ళు. చెయ్యెత్తి, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

లోవెల్ ఆనందం పట్టలేక మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "ఇదే! వీడియో కాల్ చివర్లో కనబడిన బొమ్మ ఇలా అతుక్కుపోయిందన్నమాట! ఎవరండీ ఈయన?"

"మా తమ్ముడు. అలాస్కాలో చేపల పడవ మీద పని."

"అయితే ఇంకేం! తమ్ముడు గారికి మళ్ళీ కాల్ చేయండి, నిక్షేపంలా కనబడతారు. దీన్ని మాత్రం తీసేద్దాం," అంటూ అతను హుషారుగా కీబోర్డు మీదకు వంగాడు.

ఒటీలీ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"మీకు ఆ ఫిర్యాదు రాసేనాటికి వాడు బతికే ఉన్నాడండీ."